సైకిలు దాటని దుంగ

1934 ఫిబ్రవరిలో నేను మలయా దేశంలో, పేరాక్ రాష్ట్రపు దిగువ ప్రాంతాన, సుంగై సుమున్ బజారుకు ఆరు మైళ్ళ ఇవతల ఉన్న ఒక రబ్బరు తోటలో కిరాణిగా చేరాను. కిరాణి అంటే తోట ఆఫీసు గుమాస్తా. చిన్న తోట కాబట్టి ఆఫీసంతటికీ నేనొక్కడినే. నా పైన మేనేజరు, అందరూ దొర అనేవారు. నా కింద కంగాణి, అంటే కూలీల మేస్త్రీ. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. అనకాపల్లిలో ఫోర్తు ఫారం దాకా చదివి ఓడెక్కినవాణ్ణి. ఇంగ్లీషు ఉత్తరం తప్పుల్లేకుండా రాసేవాణ్ణి, అరవం ధారాళంగా మాట్లాడేవాణ్ణి, మలాయి బజారులో బేరమాడే మట్టుకు వచ్చు. ఈ మూడు భాషలూ కలిసి నాకు బుద్ధి ఇవ్వలేదు కానీ, లయాల్లో, అంటే కూలీల వరుస ఇళ్ళలో, కాపురముండే మా ఉత్తరాంధ్ర కూలీల కంటే నేను వేరే జాతివాణ్ణన్న నమ్మకాన్ని మాత్రం ఇచ్చాయి.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, యుద్ధం అయ్యాక ఈ దేశానికి ఆదాయపు పన్ను వచ్చింది. నేను ఉద్యోగం మానుకున్న తర్వాత చుట్టుపక్కల కుర్రవాళ్ళు పన్ను ఫారాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళలో అడవిలో సర్వే పనికి పోయేవాళ్ళున్నారు, కరెంటు స్తంభాలు పాతేవాళ్ళున్నారు. అంత దూరం పోయి రావడానికి అయిన ఖర్చును ఆదాయంలోంచి తగ్గించమని అడగవచ్చా అన్నది వాళ్ళ ప్రశ్న. నేను చెప్పే జవాబు ఒకటే. ఇంటినుంచి పనికి పోయే దారి నీది, పనిలో భాగంగా పోయే దారి యజమానిది. కాబట్టి ముందు నీ పని ఎక్కడ మొదలవుతుందో తేల్చుకో అంటాను. కొందరు తెలివైనవాళ్ళు, ఎలాగూ రాస్తున్నారు గనక ఓ నాలుగు మైళ్ళు సాగదీసి రాయమంటారు. నేను రాయను. అది నా నిజాయితీ అనుకుని బయట గొప్పగా చెప్తున్నారని విన్నాను. నిజాయితీ కాదు. సంగతి ఇది.

ఆ తోటకు మూడు డివిజన్లు. రబ్బరు ధర పడిపోయిన రోజుల్లో మూడో డివిజన్‌ను మూసేశారు. అక్కడి కూలీ లయాల రేకులు ఎవరో ఊడబెరుక్కుపోయారు, గోడలను చెదలు తినేశాయి. ధర మళ్ళీ లేచాక దొర ఆ డివిజన్‌లో చెట్లు గీయించి రబ్బరు పాలు తీయించాలనుకున్నాడు కానీ లయాలు కట్టించాలనుకోలేదు. పెద్ద లయాల్లో ఉన్న ముప్పై మందిని రోజూ అక్కడికి నడిపించాలని నిర్ణయించాడు. ఆ నిర్ణయానికి వచ్చేముందు ఆ దారిన ఒక్కసారైనా నడిచాడా అంటే, లేదు. దొర నడిచేది తన బంగళా చుట్టూ, కుక్క కోసం.

అది సముద్రం పోటు తగిలే పల్లపు నేల. దారంతా కాలువ గట్ల మీద. గట్టు ఒక చోట తూర్పుకు తిరిగి, మళ్ళీ దక్షిణానికి తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చినట్టే వచ్చి ముందుకు పోతుంది. దాదాపు మూడు మైళ్ళ దగ్గర ఒక పెద్ద కాలువ అడ్డం వస్తుంది. దాని మీద వంతెన లేదు. రెండు కొయ్య మేకుల మధ్య ఒక కొబ్బరి దుంగ, అంతే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను చేరిన కొత్తలో నాకు తెలిసిన మూడో డివిజన్ గోడమీది మ్యాపులో పచ్చరంగు పూసిన ఒక ముక్క.

ఇక్కడ పెరట్టు గురించి చెప్పాలి. రబ్బరు తోటలో పెరట్టు అంటే తెల్లవారుజామున కూలీలను వరుసగా నిలబెట్టి పేర్లు పిలిచే హాజరు. పలికినవాడికి ఆ రోజుకు ‘పేరు పడినట్టు’. ఆలస్యంగా వస్తే అర పేరు, అంటే సగం కూలి. పని గంటల లెక్క పెరట్టుతో మొదలవుతుంది. అందువల్ల పేరు ఎప్పుడు పిలిచారన్నదే కాక, ఎక్కడ నిలబెట్టి పిలిచారన్నది కూడా ముఖ్యమే. మొదటి రెండు వారాలు మూడో డివిజన్‌వాళ్ళ పెరట్టు కూడా లయాల ముందే జరిగింది. పేరు పిలిచాక నడిచేవారు. నడక పని గంటల్లో పడేది. దాంతో మధ్యాహ్నం పాలు తూచే వేళకు గంటలు నిండిపోయేవి, ఆ పైన కలుపు తీయించడానికి చట్టం ఒప్పుకోదు. దొర ప్రతిరోజూ ఆఫీసులో ఈ గంటన్నర గురించి, తన జేబులోంచి ఎవరో గడియారం కొట్టేసినట్టు మాట్లాడేవాడు.

ఉపాయం నాది. దొర అడగలేదు, ఎవరూ అడగలేదు. నేనే వెళ్ళి, పెరట్టును మూడో డివిజన్‌లోని పాల షెడ్డు దగ్గరికి మార్చుదామన్నాను. ఆరుంబావుకు అక్కడ పేర్లు పిలిస్తే పని అక్కడే మొదలవుతుంది, అప్పటిదాకా వాళ్ళు ఎలా వచ్చారన్నది వాళ్ళ సొంత విషయం. కాగితం మీద చట్టం ఎక్కడా తెగదు. నువ్వు పైకొస్తావు అన్నాడు దొర. రాతపూర్వకంగా ఉత్తర్వు ఏమీ ఇవ్వలేదు. కంగాణికి నోటిమాటగా చెప్పించాడు. దొరలకు ఇటువంటి విషయాల్లో కాగితం మీద పొదుపు ఎక్కువ.

కంగాణి పేరు అప్పన్న. లయాల్లో సగం మంది అతనికి బాకీ. నేను ఈ మార్పు చెప్పగానే అతను తల గోక్కుని అడిగాడు.

“మరి నడక ఎవరి కాతాలో పడతాది బాబూ?”

“నడిచినవాడి ఖాతాలో,” అన్నాను.

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ సాయంత్రానికి ఈ మాట లయాలన్నీ తిరిగింది. దాన్ని నేను చమత్కారం అనుకున్నాను. రెండు రోజుల తర్వాత నీళ్ళ పంపు దగ్గర పైడమ్మ అనే, చెట్లు గీసే కూలీ నన్ను ఆపింది. ఆమె, ఆమె మొగుడు లచ్చన్న ఇద్దరూ మూడో డివిజన్‌లోనే గీసేవారు. చీపురుపల్లి అవతలి ఊరివాళ్ళు. లచ్చన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు పైడమ్మ తీర్చేది.

“కాళ్ళు మాయే బాబూ, కాదన్ను. ఆ దారి కూడా మాదేటి?” అంది.

పంపు దగ్గర నీళ్ళు వృథా చేస్తున్నారని కోప్పడి వచ్చేశాను.

ఉపాయానికి బహుమానంగా దొర నాకు మూడో డివిజన్ తనిఖీ అప్పజెప్పాడు. వారానికి రెండుసార్లు అక్కడికి పోయి పెరట్టు చూసి రావాలి. అందుకు మైలుకు ఇంత అని సైకిలు భత్యం. బిల్లు ఫారంలో తేదీ, బయల్దేరిన చోటు, చేరిన చోటు, పని, మైళ్ళు అని ఐదు గళ్ళు. నేను మొదటిసారి నిజంగానే బయల్దేరాను. మూడు మైళ్ళు తొక్కి, ఆ దుంగ ముందు దిగి, దాన్నీ నా సైకిలునీ నా తెల్ల ప్యాంటునీ మార్చి మార్చి చూసుకుని వెనక్కి తిరిగాను. ఆ తర్వాత తనిఖీ రోజుల్లో సుంగై సుమున్ బజారుకు పోయి చీనావాడి కొట్లో కాఫీ తాగి, పదింటికి ఆఫీసుకు చేరుకునేవాణ్ణి. బిల్లు మాత్రం క్రమం తప్పలేదు. ‘ఆఫీసు నుంచి మూడో డివిజన్‌కు, పెరట్టు తనిఖీ, ఐదున్నర మైళ్ళు.’ అసలు దూరం నాలుగు మైళ్ళ పైచిలుకు ఉంటుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఐదున్నర అన్నది చూడ్డానికి కొలిచినట్టు ఉంటుందని రాశాను. ఆరని రాస్తే ఉజ్జాయింపులా ఉంటుంది. దొంగ లెక్క రాసేవాడికి అరలూ పావులూ అంటే మహా ఇష్టం.

ఒక్క సంగతి గమనించండి. నా తనిఖీ నా ఆఫీసు గుమ్మం దగ్గరే మొదలయ్యేది. అదే దారిన నడిచే కూలీ పని మాత్రం దారి చివర మొదలయ్యేది. ఈ రెండూ నేనే రాశాను, ఒకే బల్ల మీద, ఒకే కలంతో. నాకు ఏమీ అడ్డు తగల్లేదు.

ఆగస్టు నెలలో ఒక ఉదయం వాన వెలిసిన తర్వాత ముప్పై మందీ ఆ దుంగ దగ్గరికి చేరారు. ఆలస్యమైంది. ఆరుంబావు దాటితే అర పేరు. వెనకవాళ్ళు తోస్తున్నారు, ముందువాళ్ళు తొందరపడుతున్నారు. లచ్చన్న కాలు జారి దుంగకూ మేకుకూ మధ్య పడింది. అతని బరువుకు దుంగ దొర్లి చీలమండ నలిగిపోయింది. గోనెసంచిలో వేసుకుని నలుగురు మోసుకొచ్చారు. లారీ మీద తెలుక్ ఆన్సన్ ఆసుపత్రికి పంపాం. వారం తర్వాత మోకాలి కింద కాలు తీసేశారు. రబ్బరు చెట్టు గీసేవాడు రోజుకు మూడు నాలుగు వందల చెట్ల చుట్టూ తిరగాలి. ఒంటి కాలితో ఆ పని లేదు. తోటలో వేరే పని ఇవ్వడం దొర అలవాటు కాదు.

అప్పటికి ఈ దేశంలో కూలీల నష్టపరిహారం చట్టం అమల్లో ఉంది. పని సమయంలో, పని మూలంగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. కాలు పోయినవాడికి వచ్చే పరిహారం చిన్నదేమీ కాదు. లచ్చన్నకు అది వస్తే, చీపురుపల్లి వైపు పోయి రెండెకరాలు కొనుక్కుని కూర్చుని తినవచ్చు. రాకపోతే ఓడ టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు, దిగిన రేవులో అడుక్కోవాలి. మధ్యేమార్గం లేదు. అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. దుంగ మీద కాలు పెట్టినప్పుడు లచ్చన్న పనిలో ఉన్నాడా, పనికి పోతున్నాడా?

దొర నన్ను పిలిచి ప్రమాద నివేదిక తయారు చేయమన్నాడు. అందులో కూలి నివాసం నుంచి పని స్థలానికి ఎంత దూరం అని ఒక గడి ఉంటుంది. నేను గోడమీది మ్యాపు దగ్గర నిలబడి, లయాల గుర్తు నుంచి షెడ్డు గుర్తుకు దారం లాగి పట్టుకుని, స్కేలుతో కొలిచాను. రెండు మైళ్ళు. మనిషికి రెక్కలుంటే సరిపోయే లెక్క. ‘దూరం రెండు మైళ్ళు. పెరట్టుకు ముందు, కూలి తన సొంతంగా పనికి వచ్చుచుండగా ప్రమాదము సంభవించినది’ అనే అర్థం వచ్చేలా శుభ్రమైన ఇంగ్లీషులో రాశాను. దొర చదివి, బాగుంది అన్నాడు.

అంతటితో ఆగి ఉంటే నేను మామూలు దుర్మార్గుణ్ణి మాత్రమే అయ్యుండేవాణ్ణి. కానీ ప్రమాదం జరిగిన రోజు దొర నన్ను వెళ్ళి చూసి రమ్మన్నాడు. నేను గట్టు మొదలు దాకా వెళ్ళేసరికి లచ్చన్నను మోసుకొస్తున్నవాళ్ళు ఎదురయ్యారు, అక్కడినుంచే వాళ్ళతో తిరిగొచ్చాను. నెలాఖరున బిల్లు రాసేటప్పుడు దానికీ ఒక వరస వేసుకున్నాను. ‘ప్రమాద స్థల పరిశీలన, నాలుగు మైళ్ళు.’ మనిషి కాలు పోయిన చోటుకు కూడా సైకిలు భత్యం రాసుకున్నాను. ఒక వ్యవహారానికి సంబంధించిన కాగితాలన్నీ ఒకే దారంతో కుట్టి ఉంచడం నాకు గర్వకారణమైన అలవాటు. ఆ బిల్లు నకలు కూడా పద్ధతి ప్రకారం ప్రమాదం ఫైలులోనే కుట్టేశాను.

అక్టోబరులో విచారణకు లేబర్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. తెల్లవాడు, నడివయసు, ముక్తసరి మనిషి. అరవం వచ్చు, తెలుగు రాదు. లచ్చన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు గనక పైడమ్మ వచ్చింది. ఆఫీసులో ఆమె చెప్పింది ఇంగ్లీషులోకి తిప్పే పని నాకే పడింది. నిందితుడి చేత తీర్పు రాయించినట్టుంది కానీ, ఆ గదిలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పైడమ్మ నిలబడే చెప్పింది. “పెరట్టు అక్కడే, నిజమే. కానీ లయాల కాడే కంగాణి మమ్మల్ని లెక్కెడతాడు. ముందు ఆడు, ఎనక మేం. ఎవులైనా ఎనక్కి తిరిగితే ఆ దినం అర పేరే. దోవలో నిలబడ్డానిక్కూడా నేదు. అది పని కాపోతే మరేటి దొరా?”

ఇంత మాటనూ నేను ఇంగ్లీషులో ఒక్క వాక్యం చేశాను, వాళ్ళు సాధారణంగా కలిసి నడుస్తారని చెప్తోందని. పైడమ్మ నా ముఖం చూసింది. తాను చెప్పింది చెంబెడు, నేను పోసింది ఉద్ధరిణెడు అని ఆమెకు లెక్క తెలిసిపోయింది. నన్ను వదిలేసి అధికారి వైపు తిరిగి, లయాల్లో నేర్చిన విరిగిన అరవంలో మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. అధికారి విన్నాడు, రాసుకున్నాడు.

తర్వాత మూడో డివిజన్ ఎంత దూరమని నన్ను అడిగాడు. రెండు మైళ్ళన్నాను. అతను ఫైలు తిరగేశాడు. ఒక చోట ఆగి, ముందుకూ వెనక్కూ రెండు కాగితాలు చూసి, బల్ల మీద వాటిని పక్కపక్కన పరిచి గట్టిగా చదివాడు. లయాల నుంచి పని స్థలానికి మొత్తం రెండు మైళ్ళు. అందులో కొంత దూరంలోనే ఉన్న ప్రమాద స్థలానికి ఆఫీసు నుంచి నాలుగు మైళ్ళు. ఆఫీసూ లయాలూ పక్కపక్కనే కదా అని అడిగాడు. అవునన్నాను. కూలీలకంటే సైకిలు తొక్కేవాళ్ళకు ఈ తోటలో నేల సాగుతుందేమో అన్నాడు. దొర వెంటనే, అవి కిరాణి బిల్లులు, వాటితో తనకు సంబంధం లేదన్నాడు. అధికారి ఆ బిల్లు కింద ఉన్న దొర సంతకాన్ని వేలితో చూపించాడు. దొర ఎర్రబడ్డాడు. ఆ ఎరుపు సిగ్గు వల్ల అని నేను అప్పుడు అనుకున్నాను. ఎండకు కూడా అలాగే అయ్యేవాడు.

నడిచి చూద్దామని అధికారి లేచాడు. గడియారం చూసుకున్నాడు. అధికారి, దొర, కంగాణి, పైడమ్మ, ఊరికే చూడ్డానికి వెంటబడ్డ డజను మంది కూలీలు. నేను సైకిలు తీశాను. ఎవరూ తెమ్మనలేదు. కూలీల పక్కన నడవడం నాకు అలవాటు లేదు, అంతే. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో దానికి మొదటి స్థానం ఇస్తాను.

గంట దాటాక దుంగ వచ్చింది. అధికారి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దాటాడు. దొర మూడడుగులు వేసి, కింద నీళ్ళు చూసి, దుంగ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, పిర్రల మీద జరుగుతూ అవతలికి చేరాడు. నెలల తరబడి ముప్పై మందిని రోజూ రెండుసార్లు ఆ దుంగ మీద నడిపించిన మనిషి అతనే. కూలీలు తలలు తిప్పుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి వాళ్ళకు చాలా కష్టమైంది. పైడమ్మ బరువు లేనట్టు నడిచిపోయింది. ఇవతల నేనూ సైకిలూ మిగిలాం.

అవతలి గట్టునుంచి పైడమ్మ పిలిచింది.

“కిరాణి బాబూ, సైకిలెక్కి వొచ్చేయండి. వారానికి రెండేసి సార్లు దాటినోరు గదా. మాకూ ఓపాలి సూపించండి, నేర్సుకుంటాం. ఇది తెలిసుంటే నా మొగుడికి కాలుండును.”

మొదటి మాటలకు నవ్విన కూలీలు చివరి మాటకు ఆగిపోయారు. అధికారికి తెలుగు రాదు. ఆమె ఏమంటోందని నన్నే అడిగాడు. నేను దుబాసీని. కాలువకు ఇవతల నిలబడి, గొంతు పెంచి, ఆమె అన్నదంతా మాట జారకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నేను సరిగ్గా తర్జుమా చేసింది అదొక్కటే.

తర్వాత సైకిలు గట్టు మీద పడేసి, దుంగ మీద పాకి అవతలికి పోయాను. అక్కడే, షెడ్డు దాకా కూడా ఆగకుండా, ఉన్నదంతా చెప్పేశాను. ఆ మొదటిసారి తప్ప నేను ఇక్కడికి ఎప్పుడూ రాలేదని, బిల్లులన్నీ కల్పితమని చెప్పాను. రెండు మైళ్ళు దారంతో కొలిచానన్నాను. పెరట్టు మార్చమన్నది నేనేనని, నడకను పని గంటల్లోంచి తప్పించడానికే మార్చామని చెప్పాను. కంగాణి లయాల దగ్గరే మనుషుల్ని లెక్కపెట్టి తోలుకొస్తాడని, వెనక్కి తిరిగినవాడికి అర పేరు వేయమన్నది కూడా ఆఫీసు మాటేనని చెప్పాను. నిజం చెప్పేసరికి నాకు గుండె తేలికైంది. ఆ తేలికదనానికే నేను ఎక్కువ సిగ్గుపడతాను. అక్కడ తేలికపడవలసింది నా గుండె కాదు.

అధికారి ఓపిగ్గా రాసుకున్నాడు. రాయడం అయ్యాక, ఇందులో నీ మాట కాక వేరే రుజువు ఉన్నది ఏది అని అడిగాడు. నేను ఆలోచించాను. పెరట్టు మార్చమన్నది నోటిమాట. అర పేరు వేయమన్నది నోటిమాట. రాతలో ఉన్నవన్నీ అబద్ధాలు, నిజాలన్నీ గాలిలో ఉన్నాయి. ఆ ఏర్పాటు చేసినవాణ్ణి నేనే.

అప్పన్న కంగాణిని అడిగారు. అతను దొర వైపు ఒకసారి చూసి, “ఊరికే ముందు నడుస్తాను బాబూ, తోడుకి. ఎవులి ఇష్టం ఆళ్ళది,” అన్నాడు. కూలీలను అడిగితే వాళ్ళు కంగాణి ముఖం చూసి, తర్వాత నేల చూశారు. వాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళ అప్పు పత్రాలు అతని పెట్టెలో ఉన్నాయి. దొర మాత్రం ఉత్సాహంగా, దొంగ బిల్లులు రాసినట్టు ఇప్పుడే ఒప్పుకున్నవాడు ఇంకేం చెప్పడు అన్నాడు. నా చేత ఆర్నెల్లు అబద్ధాలు రాయించుకున్న మనిషికి, నేను అబద్ధాలకోరునని తెలిసినందుకు ఎంత సంతోషమో.

మూడు వారాలకు తీర్పు కాగితం వచ్చింది. నేనే విప్పి చదివాను. దారి నాలుగు మైళ్ళ పైచిలుకు అని, నడక గంటన్నర అని అధికారి రాశాడు. ఆ దుంగ స్థానంలో వెంటనే పలకల వంతెన వేయమన్నాడు. కానీ నడిచే సమయంలో కూలీలు తోట ఆజ్ఞకు లోబడి ఉన్నారనడానికి స్వతంత్రమైన సాక్ష్యం లేదన్నాడు. బాధితుడి భార్య మాటకు తోడు దొరికింది గుమాస్తా మాట ఒక్కటే. సొంత లాభానికి నెలల తరబడి తప్పుడు పత్రాలు రాసినట్టు ఒప్పుకున్న వ్యక్తి సాక్ష్యం మీద యజమానికి బాధ్యత కట్టలేనన్నాడు. కాబట్టి ప్రమాదం పని సమయంలో జరిగినట్టు రుజువు కాలేదు. నేను అతన్ని ఎన్నోసార్లు మనసులో తిట్టుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ అదే రాసేవాణ్ణి.

దొర దయతలచి అన్న పేరుతో కొద్ది రొక్కం, రెండు ఓడ టిక్కెట్లు ఇచ్చాడు. వాటికి వేలిముద్ర తీసుకోవడానికి నేను లయాలకు పోయాను. లచ్చన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అలవాటు కొద్దీ లేవబోయి, కాలు లేదని గుర్తొచ్చి కూలబడ్డాడు. పైడమ్మ ఇద్దరి వేళ్ళకూ తనే సిరా రాసింది. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపింది.

“దుంగ కాడ సెప్పినారు బాబూ, ఇన్నాను. ఆ మాట ఆ ముందు కాయితమ్మీద రాసుంటే సరిపోవును.”

కోపంగా అనలేదు. బియ్యంలో రాయి ఉందని చెప్పినట్టు చెప్పింది. ఆ వారమే వాళ్ళు పినాంగు పోయి ఓడెక్కారు. తర్వాత ఏమయ్యారో నేను వాకబు చెయ్యలేదు. చెయ్యడానికి వీలుండేది.

నా ఉద్యోగం పోయిందని మీరనుకుంటే దొరలను మీరు ఎరగరు. గుట్టు తెలిసిన కిరాణి కొత్త కిరాణి కంటే చవక. ఆ నెల బిల్లులో ఐదున్నరలన్నిటినీ కొట్టేసి నాలుగులుగా దిద్ది, దొర సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను. ఆ తోటలోనే ఇంకో మూడేళ్ళు చేశాను. పలకల వంతెన వేశారు. పెరట్టు షెడ్డు దగ్గరే ఉండిపోయింది, ఎందుకంటే దాని గురించి ఎవరూ ఏమీ రుజువు చేయలేదు.

తర్వాత సుంగై సిపుట్ వైపు ఒక తోటలో పెద్ద కిరాణినయ్యాను. అక్కడ పెరట్టును లయాల ముందే పెట్టించాను, దూరాలన్నీ నడిచి రాశాను, దొర నోటిమాటగా చెప్పిన ప్రతి ఉత్తర్వునూ చెప్పిన రోజే తేదీ వేసి పుస్తకంలో ఎక్కించి అతని చేత సంతకం పెట్టించాను. అందువల్ల ఇద్దరు ముగ్గురు దొరలకు నేనంటే గిట్టలేదు. అందువల్ల లచ్చన్నకు ఒరిగిందీ లేదు.

ఆ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్న విషయం. తప్పుడు లెక్క రాసినప్పుడు యజమాని డబ్బు కొద్దిగా పోతుంది, అదేమంత పెద్ద నష్టం కాదు. పోయేది రాసినవాడి మాటకున్న విలువ. ఆ మాట అవసరపడేది రాసినవాడికి కాదు, వేరొకడికి. ఆ నష్టం కట్టవలసి వచ్చేది కూడా వాడే.